ఎల్‌కేజీ ఫీజు 40 వేలేనా? అసలు లెక్క వేరే ఉంది

ఈ ఎపిసోడ్‌కి కారణం మా అక్క వాట్సాప్‌లో పంపిన ఒక ఫోటో. తెనాలిలో ఒక ప్రైవేట్ స్కూల్ వాళ్లు ఇచ్చిన ఫీజు కాగితం అది. కింద మెసేజ్ పెట్టింది: "ఒరేయ్, చిన్నోడిని ఎల్‌కేజీలో వేద్దామనుకుంటున్నాం. ఇది సరిపోతుందో లేదో లెక్క చూసి చెప్పు. పాపని మాత్రం మూడో క్లాస్ నుంచి మున్సిపల్ స్కూల్‌కి మార్చేస్తాం."

నేను మొదట ఫోటోనే చూశా. ఆ చివరి లైన్ చదివింది ఒక పది నిమిషాల తర్వాత. దాని సంగతి కాసేపట్లో చెప్తా. ముందు లెక్క.

కాగితం మీద పెద్ద అక్షరాలతో ట్యూషన్ ఫీజు 40,000 అని ఉంది. అక్క, బావ మాట్లాడుకుంటున్నది ఈ నలభై వేల గురించే. కానీ కింద చిన్న అక్షరాల్లో ఇంకా ఉన్నాయి. బస్సు నెలకి 1,800 చొప్పున పది నెలలకి 18,000. పుస్తకాలు, నోట్ బుక్స్ 6,000. యూనిఫామ్ రెండు జతలు, షూ, టై, బెల్ట్ కలిపి 5,000. యాక్టివిటీస్ అని 2,000. ఇవి కాకుండా ఒక్కసారి కట్టే అడ్మిషన్ ఫీజు 10,000. మొత్తం కలిపితే మొదటి ఏడాది 81,000. అడ్మిషన్ ఫీజు తీసేస్తే ఏటా 71,000. అంటే నలభై వేలు అని చెప్పిన స్కూల్ ఖర్చు నిజానికి డెబ్భై ఒక్క వేలు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, గమనించండి. అన్నీ కాగితం మీదే ఉన్నాయి.

బావ ఒక హార్డ్‌వేర్ షాపులో పనిచేస్తాడు. అక్క ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. ఇద్దరిదీ కలిపి నెలకి 25,000 వస్తుంది అనుకోండి, ఏడాదికి మూడు లక్షలు. అందులో 71,000 అంటే దాదాపు పావు వంతు. ఇద్దరు పిల్లలు అదే స్కూల్ అయితే 1,42,000. సగానికి కొంచెం తక్కువ. మిగిలిన దాంట్లో అద్దె, బియ్యం, గ్యాస్, పెట్రోలు, బావ వాళ్లమ్మ గారి బీపీ మాత్రలు.

ఇంకా ఎక్సెల్ మూసేయకండి. ఫీజు ఏటా పెరుగుతుంది కదా. ఒక్క ట్యూషన్ ఫీజే తీసుకుందాం. ఎల్‌కేజీలో 40,000, ఏటా పది శాతం పెరిగిందనుకుందాం. ఎల్‌కేజీ నుంచి టెన్త్ దాకా 12 ఏళ్లు. టెన్త్‌కి వచ్చేసరికి ఏడాది ఫీజు 1,14,000 దాటుతుంది. పన్నెండేళ్ల మొత్తం దాదాపు 8,55,000. ఇంట్లో అందరూ వేసుకునే లెక్క నలభై వేలు ఇంటూ పన్నెండు, 4,80,000. రెండింటికీ మధ్య తేడా 3,75,000. ఇది ఒకేసారి అడగరు కాబట్టి కనపడదు. ప్రతి జూన్‌లో కొంచెం కొంచెంగా వస్తుంది. ఆ నెలలో తాకట్టు షాపుల దగ్గర ఎంతమంది ఉంటారో చూసే ఉంటారు.

మా అక్క ఒక్కదాని కథేనా ఇది అంటే, కాదు. 2025లో కేంద్ర గణాంక శాఖ విడుదల చేసిన సర్వే ప్రకారం, దేశం మొత్తం మీద సర్కారు బడిలో ఒక విద్యార్థి మీద ఏడాదికి కుటుంబం పెట్టే సగటు ఖర్చు 2,863 రూపాయలు. సర్కారీ కాని స్కూళ్లలో 25,002. దాదాపు తొమ్మిది రెట్లు. పల్లెల్లో ఉన్న చిన్న స్కూళ్లు కూడా ఆ సగటులో ఉన్నాయి.

మరి ఎందుకు పంపుతారు? "స్టేటస్ కోసం అండీ" అనేస్తారు చాలామంది. నాకు ఆ మాట నచ్చదు. మూడున్నరేళ్ల పిల్లాడిని ఎక్కడికి పంపాలి? సర్కారు బడి చాలా చోట్ల ఒకటో తరగతి నుంచే మొదలు. అంతకు ముందు అంగన్‌వాడీ. ప్రైవేట్ వాళ్లకి నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ ఉన్నాయి. ఇంటి ముందుకి పసుపు బస్సు వస్తుంది. తల్లి సాయంత్రం దాకా పని చేసుకోవచ్చు. పిల్లాడు అక్కడ మూడేళ్లు అలవాటుపడ్డాక ఒకటో తరగతికి తీసి వేరే చోట వెయ్యాలంటే ఎవరికైనా మనసు రాదు. స్కూల్‌ని ఎంచుకునేది ఒకటో తరగతిలో కాదు, ఎల్‌కేజీలోనే. ఆ వయసులో సర్కారు బడి పోటీలోనే లేదు. దానికి ఇంగ్లీష్ మీడియం ఆశ కూడా తోడు. ఈ మధ్య రెండు రాష్ట్రాల్లో సర్కారు బడుల్లోకి ఇంగ్లీష్ మీడియం వచ్చింది, కానీ మా వీధిలో ఆ నమ్మకం ఇంకా రాలేదు.

సరే, ఇప్పుడు అక్క మెసేజ్‌లో చివరి లైన్.

మా ఇంట్లో ఈ లెక్క ఇంతకు ముందే ఒకసారి జరిగింది. మా నాన్న టైలర్. అక్క నాకన్నా నాలుగేళ్లు పెద్ద. ఇద్దరం ఒకే ప్రైవేట్ స్కూల్‌లో మొదలుపెట్టాం. నేను రెండో తరగతికి వచ్చేసరికి ఇద్దరి ఫీజూ కట్టడం నాన్న వల్ల కాలేదు. అక్కని ఆరో తరగతికి మున్సిపల్ హైస్కూల్‌కి మార్చారు. నేను అక్కడే ఉన్నా. ఎవరూ కూర్చుని చర్చించిన గుర్తు లేదు. ఆ జూన్‌లో అక్క వేరే రంగు యూనిఫామ్ వేసుకుని వేరే దారిలో వెళ్లింది, అంతే. నేను టెన్త్, ఇంటర్, బీటెక్, హైదరాబాద్‌లో జాబ్. అక్క ఇంటర్‌తో ఆపేసింది.

ఇందులో నాకు ఇప్పటికీ మింగుడు పడని విషయం ఇంకొకటి. యూనిఫామ్ స్కూల్ కౌంటర్‌లోనే కొనాలన్నారు. ఊళ్లో సగం మందికి ప్యాంట్లు కుట్టే మా నాన్న, నా ప్యాంటు మాత్రం స్కూల్లో డబ్బులిచ్చి కొన్నాడు. పైగా అది సరిగ్గా కుట్టలేదని ఇంటికొచ్చి విప్పి మళ్లీ కుట్టేవాడు. ఇప్పుడు అక్క కూడా కుట్టుపని చేస్తుంది. కాగితం మీద యూనిఫామ్ లైన్ అలాగే ఉంది.

కాబట్టి "సామాన్యులకి ప్రైవేట్ స్కూల్ అందుతుందా" అని అడిగితే, అందుతుంది అని చెప్పడానికి నేనే రుజువు. కానీ దాని ఖర్చు ఎవరు కట్టారన్నది ఫీజు రసీదులో ఉండదు. నా రసీదుల మీద నాన్న పేరు ఉంది. సగం అక్కది.

గవర్నమెంట్ ఏం చేస్తోంది అంటారా? చాలా చేసింది, కాగితం మీద. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994లోనే జీవో నంబర్ 1 అని ఒకటి వచ్చింది. ప్రైవేట్ స్కూల్ ఆదాయంలో సగం టీచర్ల జీతాలకి, 15 శాతం వాళ్ల గ్రాట్యుటీ, పీఎఫ్ లాంటి వాటికి, 15 శాతం నిర్వహణకి, 15 శాతం స్కూల్ అభివృద్ధికి, యాజమాన్యానికి 5 శాతం. చదివితే ఎంత బాగుందో చూడండి. ఇప్పుడు ఊరికే ఒక లెక్క వేద్దాం, అంకెలు నేను అనుకున్నవే. సందు చివర చిన్న స్కూల్, 300 మంది పిల్లలు, ఏడాదికి 15,000 ఫీజు. ఆదాయం 45 లక్షలు. 15 మంది టీచర్లు, తలా నెలకి 12,000. జీతాలకే 21,60,000 పోయింది, 48 శాతం. ఈ స్కూల్ దాదాపు జీవో ప్రకారమే నడుస్తున్నట్టు. బిల్డింగ్ అద్దె కట్టాక ఆ ఓనర్‌కి పెద్దగా ఏం మిగలదు, పైగా నాలుగు నెలలు ఫీజు ఎగ్గొట్టే వాళ్లుంటారు. అదే వెయ్యి మంది పిల్లలు, 80,000 ఫీజు ఉన్న పెద్ద క్యాంపస్ తీసుకోండి. ఆదాయం 8 కోట్లు. 50 మంది టీచర్లకి తలా నెలకి 25,000 ఇచ్చినా కోటిన్నర. 19 శాతం కూడా కాదు. అందుకే "ప్రైవేట్ స్కూళ్లన్నీ దోపిడీ" అనే థంబ్‌నెయిల్ నేను పెట్టను. రెండూ ఒకటి కాదు.

ఫీజులకి పరిమితి పెట్టే ప్రయత్నాలు కూడా జరిగాయి. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 53 ఇచ్చింది. మున్సిపాలిటీల్లో ప్రైమరీకి ఏడాదికి 11,000, హైస్కూల్‌కి 15,000 మించకూడదని. తెనాలి మున్సిపాలిటీనే. అంటే అది నిలబడి ఉంటే అక్క చేతిలో ఉన్న కాగితం మీద 40,000 ఉండేది కాదు. కానీ అదే ఏడాది డిసెంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. అంతకు ముందు ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవోలకీ ఇదే గతి పట్టింది. ఎందుకిలా? సుప్రీంకోర్టు 2002లో టీఎంఏ పాయ్ కేసులో ఒక గీత గీసింది. ఎయిడ్ తీసుకోని ప్రైవేట్ సంస్థ తన ఫీజు తాను నిర్ణయించుకోవచ్చు, సంస్థ పెరగడానికి కొంత మిగులు ఉంచుకోవచ్చు, కానీ లాభాల వ్యాపారం చేయకూడదు, క్యాపిటేషన్ ఫీజు తీసుకోకూడదు. ఎక్కడ మిగులు ఆగి ఎక్కడ వ్యాపారం మొదలవుతుందో తేల్చాలంటే ఒక్కో స్కూల్ లెక్కలూ తెరిచి చూడాలి. ఊరంతటికీ ఒకే అంకె పెట్టడం తేలిక, కోర్టులో నిలబెట్టడం కష్టం. తమిళనాడులో 2009లో దీనికోసం ఏకంగా ఒక చట్టం చేసి, రిటైర్డ్ హైకోర్టు జడ్జి ఆధ్వర్యంలో కమిటీ పెట్టారు. మన దగ్గర ఈ జీవోలు కోర్టులో ముగిశాయి.

ఇక 25 శాతం సీట్ల సంగతి. మీలో చాలామందికి తెలియని హక్కు ఇదే. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని సెక్షన్ 12 ప్రకారం ప్రైవేట్ స్కూల్ తన మొదటి తరగతిలో నాలుగో వంతు సీట్లు పేద, వెనుకబడిన వర్గాల పిల్లలకి ఉచితంగా ఇవ్వాలి. ఖర్చు ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. 2012లో సుప్రీంకోర్టు కూడా సరే అంది. మైనారిటీ సంస్థలకి మినహాయింపు ఉంది. ఆంధ్రాలో ఇది మొదలైంది 2022లో. చట్టం వచ్చిన పన్నెండేళ్లకి! అంటే ఒకటో తరగతిలో ఆ సీటు దొరకాల్సిన పిల్లలు అప్పటికి ఇంటర్ అయిపోయి ఉంటారు. తెలంగాణలో పదేళ్లు దాటినా అమలు కాక, హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

మా అక్కకి ఇది ఉపయోగపడుతుందా అని చూశా. పాపకి అవదు, ఎంట్రీ క్లాస్ దాటిపోయింది. చిన్నోడికి ఒకటో తరగతి వచ్చినప్పుడు చూడాలి. కానీ ఆంధ్రాలో బలహీన వర్గాల కోటాకి పట్టణాల్లో ఆదాయ పరిమితి ఏడాదికి 1,44,000. అంటే నెలకి 12,000. వీళ్లది 25,000. ఉచిత సీటుకి ఎక్కువ, ఫీజుకి తక్కువ. ఈ మధ్యలో ఇరుక్కున్న వాళ్లే మన ఊళ్లలో ఎక్కువ. తల్లికి వందనం కింద, అర్హత ఉంటే, పిల్లకి 13,000 ఖాతాలో పడుతుంది, మంచిదే, కాదనను. 71,000లో 13,000.

ఈ లెక్కలన్నీ చెప్పి, "అక్కా, పాప ఫీజు నేను కడతా, మార్చొద్దు" అన్నా. ఫోన్‌లో కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఒక ఏడాది కడతావు. పన్నెండేళ్లు కడతావా? రేపు నీకు పెళ్లయితే?" అంది. 8,55,000 అంకె నేనే చెప్పా కదా, నా దగ్గర సమాధానం లేదు. కోపంగా అనలేదు, అది ఇంకా కష్టం. అప్పుడు అడిగా, ఆరో తరగతిలో మార్చినప్పుడు నీకేమనిపించింది అని. ఇన్నేళ్లలో మొదటిసారి. "కొత్త స్కూల్ బాగానే ఉందిరా, లెక్కల మాస్టారు చాలా బాగా చెప్పేవారు. నన్నే ఎందుకు మార్చారో ఎవరూ చెప్పలేదు, అదొక్కటే" అంది.

రెండు రోజుల తర్వాత మళ్లీ ఫోన్ చేసింది. ఇద్దర్నీ ఒకే చోట వేస్తారట, అది ఏ స్కూల్ అయినా సరే. చిన్నోడికి ఈ ఏడాది అంగన్‌వాడీ. పాప కోసం మున్సిపల్ స్కూల్ చూడ్డానికి శనివారం వెళ్తున్నారు. వెళ్లేటప్పుడు అడగమని నాలుగు ప్రశ్నలు రాసిచ్చా. మూడో తరగతికి విడిగా టీచర్ ఉన్నారా, క్లాసులో ఎంతమంది, టాయిలెట్‌లో నీళ్లొస్తాయా, ఇంగ్లీష్ ఎవరు చెప్తారు. మీరు ప్రైవేట్ స్కూల్‌కి వెళ్తే అడగాల్సింది ఇంకొకటి ఉంది: పోయినేడాది ఇదే క్లాస్ ఫీజు ఎంత, రసీదు చూపించగలరా?

ఒక్క చిక్కు మిగిలింది. పాత స్కూల్లో 6,000 బాకీ ఉంది, అది కడితేనే టీసీ అంటున్నారు. ఇది చాలా ఇళ్లలో ఉన్న సమస్య, కాబట్టి జాగ్రత్తగా వినండి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం ఎనిమిదో తరగతి లోపు పిల్లలు సర్కారు బడికి మారాలంటే పాత స్కూల్ వెంటనే టీసీ ఇవ్వాలి. ఇవ్వడం ఆలస్యమైందని కొత్త బడి అడ్మిషన్ ఆపడానికి వీల్లేదు. బాకీ బాకీనే, అది కట్టాల్సిందే, అక్క కూడా రెండు నెలల్లో కడతానని రాసిస్తానంటోంది. కానీ దానికోసం పిల్ల చదువు ఆపడం కుదరదు. హెచ్‌ఎం ఒప్పుకోకపోతే మండల విద్యాధికారికి, అంటే ఎంఈవోకి, రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక కాపీ మీద స్టాంపు వేయించుకోండి, నోటిమాటగా వద్దు.

అక్క సోమవారం వెళ్తోంది, ఆ సెక్షన్ ప్రింట్ తీసుకుని. టీసీ ఇచ్చారా, ఏమన్నారు అనేది వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా. మీ ఇంట్లో ఫీజు కాగితం ఉంటే, చిన్న అక్షరాలతో సహా అన్నీ కలిపి ఎంతయిందో కామెంట్‌లో పెట్టండి. స్కూల్ పేరు వద్దు, ఊరు, క్లాస్, మొత్తం చాలు. అవన్నీ ఒక షీట్‌లో వేసి అందరికీ లింక్ ఇస్తా.