జ్వలన సమయ సర్దుబాటు

జ్వలన సమయ సర్దుబాటు అనగా పెట్రోలు ఇంజనులో స్పార్క్ ప్లగ్ వద్ద నిప్పురవ్వ సరైన క్షణాన పుట్టేటట్లు డిస్ట్రిబ్యూటర్‌ను అమర్చే ప్రక్రియ. మెకానిక్కులు దీనిని "టైమింగ్ సెట్ చేయడం" అంటారు. కంప్యూటర్ నియంత్రణ గల కార్లలో ఈ పని అవసరం లేదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి పాత కార్లను కాపాడుకొనేవారికి మాత్రం ఇది తప్పనిసరి. ఈ వ్యాసంలో 1489 సి.సి. పెట్రోలు ఇంజను గల పాత అంబాసిడర్‌ను ఉదాహరణగా తీసుకోవడమైనది.

నేపథ్యం

పాయింట్లు, కాయిల్, డిస్ట్రిబ్యూటర్‌లతో కూడిన జ్వలన పద్ధతిని అమెరికాకు చెందిన చార్లెస్ కెటరింగ్ అభివృద్ధి చేశాడు. ఇది కాడిలాక్ కార్లలో వాడుకలోకి వచ్చింది. అంబాసిడర్ కారును మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారంగా హిందుస్తాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారుచేసింది. ఉత్పత్తి 2014లో నిలిచిపోయింది.

నిప్పురవ్వ ముందుగా ఎందుకు పుట్టవలెను?

పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ఒక్కసారిగా మండదు. మంట సిలిండర్ అంతటా వ్యాపించుటకు కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. కనుక పిస్టన్ పై కొసకు చేరకముందే నిప్పురవ్వ పుట్టవలెను. ఈ ముందస్తును క్రాంక్ షాఫ్ట్ డిగ్రీలలో కొలుస్తారు.

నిమిషానికి 1000 చుట్లు తిరిగేటప్పుడు క్రాంక్ షాఫ్ట్ ఒక మిల్లీసెకనులో 6 డిగ్రీలు, 3000 చుట్లు తిరిగేటప్పుడు 18 డిగ్రీలు తిరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ రవ్వ మరింత ముందుగా పుట్టవలసి ఉండడానికి కారణం ఇదే. డిస్ట్రిబ్యూటర్‌లోని బరువులు అపకేంద్ర బలంతో విచ్చుకొని ఈ పని చేస్తాయి. యాక్సిలరేటర్‌ను కొద్దిగా నొక్కినప్పుడు వాక్యూమ్ డబ్బా మరికొంత ముందస్తును ఇస్తుంది. చేతితో అమర్చేది వీటికి ఆధారమైన తొలి స్థానాన్ని మాత్రమే.

తప్పినచో కలిగే నష్టాలు

రవ్వ మరీ ముందుగా పుట్టినచో ఎత్తు ఎక్కునప్పుడు ఇంజను నుండి టకటకమను శబ్దం వస్తుంది. దీనిని నాకింగ్ అంటారు. ఇది కొనసాగితే పిస్టన్లు, గాస్కెట్ దెబ్బతినవచ్చు. హ్యాండిల్‌తో స్టార్ట్ చేసేటప్పుడు హ్యాండిల్ వెనుకకు తన్ని మణికట్టు విరిగే ప్రమాదం కూడా ఉన్నది. రవ్వ ఆలస్యమైనచో లాగుడు తగ్గి, ఇంజను వేడెక్కి, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది.

ముందు పాయింట్లు, తరువాత టైమింగ్

ఈ క్రమాన్ని తప్పరాదు. పాయింట్ల మధ్య ఖాళీ పెరిగితే అవి ముందుగా తెరుచుకొంటాయి, తగ్గితే ఆలస్యంగా తెరుచుకొంటాయి. అనగా ఖాళీని మార్చినప్పుడల్లా టైమింగ్ కూడా మారుతుంది. లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు పూర్తిగా తెరుచుకొన్న స్థితిలో ఫీలర్ గేజితో చూసినప్పుడు ఖాళీ 0.014 నుండి 0.016 అంగుళాల వరకు ఉండవలెను. పాయింట్ల మడమ అరిగేకొద్దీ ఈ ఖాళీ తగ్గి టైమింగ్ వెనుకబడుతుంది. ఎవరూ ముట్టుకోకపోయినా టైమింగ్ తప్పుటకు ఇది ముఖ్య కారణం.

బల్బుతో అమర్చే విధానం

# గేరును న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇగ్నిషన్ ఆపి, స్పార్క్ ప్లగ్‌లను తీయవలెను. కాయిల్ నుండి వచ్చే హైటెన్షన్ తీగను ఇంజను లోహానికి ఆనించి ఉంచవలెను.
# ఇంజనును అది తిరిగే దిశలోనే చేతితో తిప్పుతూ, మాన్యువల్ సూచించిన డిగ్రీ వద్ద క్రాంక్ పుల్లీ గుర్తును నిలపవలెను. గుర్తు దాటిపోతే బాగా వెనుకకు తిప్పి మళ్ళీ ముందుకు రావలెను. లేనిచో టైమింగ్ చైను వదులు కొలతను తప్పిస్తుంది.
# రోటార్ మొదటి సిలిండర్ తీగ వైపు ఉన్నదో లేదో చూడవలెను. నాలుగవ దాని వైపు ఉంటే క్రాంక్‌ను మరొక పూర్తి చుట్టు తిప్పవలెను. ఈ ఇంజనులో జ్వలన క్రమం 1-3-4-2.
# 12 వోల్టుల బల్బు యొక్క ఒక తీగను డిస్ట్రిబ్యూటర్ లోటెన్షన్ టెర్మినల్‌కు, రెండవ దానిని ఇంజను లోహానికి కలిపి, క్లాంప్ బోల్టును వదులు చేసి, ఇగ్నిషన్ ఆన్ చేయవలెను.
# డిస్ట్రిబ్యూటర్‌ను రోటార్ తిరిగే దిశలో బల్బు ఆరేవరకు తిప్పి, తరువాత వ్యతిరేక దిశలో మెల్లగా తిప్పవలెను. బల్బు వెలిగిన క్షణమే పాయింట్లు తెరుచుకొన్న క్షణం. అక్కడే బోల్టును బిగించవలెను.

బిగించిన తరువాత ఇంజనును రెండు చుట్లు తిప్పి, బల్బు సరిగ్గా గుర్తు వద్దనే వెలుగుతున్నదని నిర్ధారించుకోవలెను. ఇగ్నిషన్‌ను ఎక్కువసేపు ఆన్‌లో ఉంచితే కాయిల్ వేడెక్కుతుంది.

టైమింగ్ లైటుతో పరీక్ష

నడుస్తున్న ఇంజనులో టైమింగ్‌ను టైమింగ్ లైటుతో చూస్తారు. మాన్యువల్ వేరుగా చెప్పనిచో వాక్యూమ్ గొట్టాన్ని తీసి కొసను మూసివేయవలెను. వేగం పెంచినప్పుడు పుల్లీ గుర్తు క్రమంగా జరగకపోతే లోపలి బరువులు పట్టేసినట్లు భావించవచ్చు.

ఈ లైటు వెలుగులో తిరుగుతున్న ఫ్యాను రెక్కలు కూడా నిలిచి ఉన్నట్లు భ్రమ కలిగించవచ్చు. చేతులను, వదులు దుస్తులను దూరంగా ఉంచవలెను. విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది కనుక మూసిన గ్యారేజీలో ఇంజను నడపరాదు.

తుది సవరణ

మాన్యువల్‌లోని అంకె కారు తయారైన కాలపు పెట్రోలును బట్టి నిర్ణయించినది. భారతదేశంలో 2000 ఫిబ్రవరి నుండి సీసం లేని పెట్రోలునే విక్రయిస్తున్నారు. తరువాత ఇథనాల్ మిశ్రమం కూడా పెరిగింది. కనుక ఆ అంకెను ఆరంభ స్థానంగానే గ్రహించవలెను. రోడ్డుపై నడిపినప్పుడు నాకింగ్ వినిపిస్తే రవ్వను కొద్దిగా ఆలస్యం చేయవలెను. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్ షాఫ్ట్ వేగంలో సగం వేగంతో తిరుగుతుంది కనుక, దానిని ఒక డిగ్రీ జరిపితే టైమింగ్ రెండు క్రాంక్ డిగ్రీలు మారుతుంది. అందువలన వెంట్రుకవాసి సవరణలే చేయవలెను.

ఇవి కూడా చూడండి

* అంబాసిడర్ కారు
* స్పార్క్ ప్లగ్
* అంతర్దహన యంత్రం