ఆట కుదరని సాయంకాలము

పిల్లలచేత ఆటలాడింపబూనిన పెద్దలకు ఇట్టి సాయంకాలమొకటి తప్పక ఎదురగును. ఈల ఊదినంతనే నలుగురు పరుగెత్తుకొని వత్తురు. పదిమంది గోడ నానుకొని నిలుచుందురు. ఇద్దరు దాహమని ఇంటికేగి మరల రారు. హైదరాబాదునకు ఉత్తరమున, మేడ్చలు మీదుగా నాగపూరు పోవు రహదారిపై నున్న సుచిత్రలో, వేసవి సెలవులలో మా కాలనీ పిల్లలకు ఆటలు ఏర్పాటుచేయు మేము అట్టి సాయంకాలములను పెక్కింటిని చూచితిమి.

చిన్నపిల్లలతో ఈ చిక్కు లేదు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా తెలుగువారి కెల్లరకు పరిచితులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఒక తరము బాలబాలికలను ఆటపాటలతో అలరించిరి. ఎనిమిదేండ్ల పిల్లవాడు కప్పవలె గెంతుమనిన గెంతును. పదునాలుగేండ్లవాడు ముందు చుట్టును చూచును, ఎవరు నవ్వుదురో యని. ఓటమి కంటె నవ్వునకే వాడు జంకును. చిన్నవారిని 'ఆటలో అరటిపండు'గా చేర్చుకొనుట మన ఆచారమే గాని, ఈ వయసు వారిని అట్లు చేర్చుట అవమానించుటయే.

మేము మొదట పెట్టినది కుర్చీలాట. ఇరువదిమంది ఆడినచో విజేత తేలుటకు పందొమ్మిది మారులు ఆడవలెను. మొదటిమారే వెడలినవాడు తక్కిన పదునెనిమిది మారులును చూచుచు కూర్చుండవలసినదే. ఎవనికి ఆట ఎక్కువ అవసరమో వానికే తక్కువ దొరకుచున్నది! చెడుగుడులో ఈ లోపము లేదు. ఎదుటి జట్టులో ఒకరు ఔటైనచో, మన జట్టులో ముందు ఔటైనవారు తిరిగి లోనికి వత్తురు. ఇది గ్రహించి చెడుగుడు పెట్టితిమి. పెట్టినది కార్లు నిలుపు సిమెంటు నేలపైన! మోకాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు.

అన్నిటికంటె పెద్ద పొరపాటు జట్లు కట్టుటలో జరిగినది. ఇద్దరు నాయకులను నిలిపి, ఒక్కొక్కరినే ఎన్నుకొనుడంటిమి. చివరకు ఒక బాలిక మిగిలినది. ఎవరును ఆమె పేరు పిలువలేదు. లెక్కప్రకారము ఒక జట్టుకు చేరినది, అంతే. మరునాడు రాలేదు. ఇంటికి పోయి అడుగగా, "చదువుకొనుచున్న"దనిరి. పరీక్షలు ముగిసి అప్పటికి మూడు వారములు.

ఈ బాధ లేని పద్ధతి మన పల్లెలలో ఏనాడో కలదు. అదే ఉద్దులు కట్టుట. ఇంచుమించు సమానబలము గల ఇద్దరు ఉద్దిగా కూడి, దూరముగా పోయి, ఒకరు మల్లె, ఒకరు మొగలి యని రహస్యముగా పేర్లు పెట్టుకొని, నాయకుల వద్దకు వచ్చి, "మల్లె కావలెనా, మొగలి కావలెనా?" యని అడుగుదురు. నాయకుడు పేరును కోరుకొనునే గాని మనిషిని కాదు. జట్ల బలము సమానమగును. తుదకు మిగిలెనన్న మాట ఎవరికిని రాదు. మా పిల్లలు పూలను విడిచి బిర్యాని, హలీము అని పేర్లు పెట్టుకొనిరి. మేము అభ్యంతరము చెప్పలేదు.

తరువాత ఈలను కూడ వారికే ఇచ్చివేసితిమి. 1907లో ఇంగ్లండునందలి బ్రౌన్సీ ద్వీపమున బేడెన్ పవెల్ బాలుర శిబిరము నడిపినపుడు, వారిని చిన్న దళములుగా విభజించి, ఒక్కొక్క దళమునకు ఒక బాలునే నాయకునిగా చేసెను. పెద్దల ఈలకు కదలనివారు తోటివాని కేకకు కదలుట మేమును చూచితిమి. అయితే తగవులు తీర్చుటకు ఒక పెద్ద దగ్గర నుండవలెను.

ఆ బాలిక పది దినములకు తిరిగి వచ్చినది. ఉద్దుల పద్ధతి వలననా, ఎదురింటి స్నేహితురాలు చేయిపట్టి లాగుకొనివచ్చుట వలననా, మేము చెప్పజాలము.

ఇంత నేర్చినను మొన్నటి శనివారము మరల ఆట కుదరలేదు. మేము శ్రమపడి సిద్ధపరచిన నిధి వేట పది నిమిషములలో చల్లబడగా, పిల్లలే పెంకులు ఏరి తెచ్చి ఏడుపెంకులాట మొదలిడిరి. అది చక్కగా సాగుచుండగా బంతి రెండవ అంతస్తు వసారాలో పడినది. ఆ ఇంటివారు ఊరిలో లేరు.