పశువుల ఊళ్లో పుస్తకాల మంద

డాలస్ నుంచి వాయవ్యంగా రెండు గంటలకు పైగా కారు నడిపితే ఆర్చర్ సిటీ వస్తుంది. పేరులోనే సిటీ, జనాభా రెండు వేలు లేదు. నడిబొడ్డున కోర్టు, చుట్టూ పచ్చికబీళ్లు, అక్కడక్కడా చమురు పంపులు. ఒకప్పుడు ఈ ఊళ్లో నాలుగు లక్షలకు పైగా పాత పుస్తకాలు అమ్మకానికి ఉండేవి. లెక్కేస్తే తలకు రెండు వందల పైమాటే.

వాటిని తెచ్చిపెట్టింది ఈ ప్రాంతపు పశువుల పెంపకందారుల ఇంట పుట్టిన నవలాకారుడు లారీ మెక్‌మర్ట్రీ. 1942లో యుద్ధానికి వెళుతూ బంధువుల అబ్బాయి ఒకడు 19 పుస్తకాలున్న పెట్టెను ఆయనకు ఇచ్చి వెళ్లాడు. అప్పటిదాకా ఆ ఇంట్లో పుస్తకమన్నదే లేదు. ఆ పెట్టె అందుకున్న మెక్‌మర్ట్రీయే పెద్దయ్యాక 1971లో వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్‌లో మార్సియా కార్టర్‌తో కలిసి ‘బుక్‌డ్ అప్’ అనే పాత పుస్తకాల దుకాణం తెరిచి, తర్వాత దాన్ని సొంతూరికి తెచ్చాడు. పెరిగి పెరిగి అది నాలుగు భవనాలైంది. వాటిలో మూడింట్లో గల్లాపెట్టె కూడా ఉండేది కాదు. నచ్చిన పుస్తకం పట్టుకుని, రోడ్డు దాటి, ఒకటో నంబరు భవనానికి వచ్చి డబ్బు కట్టాలి. ఎవరైనా చంకలో పెట్టుకుపోతేనో? పుస్తకం దొంగిలించడానికి అంత దూరం వచ్చేవాణ్ని క్షమించేయొచ్చు లెండి.

పాత పుస్తకాల వ్యాపారంలో తొలి ముద్రణల వేట ఎలా ఉంటుందో తెలియాలంటే మెక్‌మర్ట్రీ పుస్తకాలనే చేతిలోకి తీసుకోవచ్చు. ‘లోన్‌సమ్ డవ్’ 1985లో వచ్చింది. మరుసటి ఏడు పులిట్జర్ తెచ్చిపెట్టింది. ఎనిమిది వందల పేజీలు దాటిన ఆ లావు పుస్తకంలో సేకర్తలు ముందుగా తిప్పేది 621వ పేజీ. అక్కడ ‘డన్’ అని ఉండాల్సిన చోట ‘నన్’ అని పడింది. ఆ అచ్చుతప్పు ఉంటేనే ధర పలుకుతుంది. పశువు ఎవరిదో ఒంటి మీది వాతను బట్టి చెప్పినట్టు, ప్రతి ఎప్పటిదో తప్పును బట్టి చెబుతారు. ఇలాంటి ఆనవాళ్లను ఆ వ్యాపారంలో ‘పాయింట్లు’ అంటారు.

1968లో వచ్చిన ఆయన వ్యాసాల పుస్తకం ‘ఇన్ ఎ నారో గ్రేవ్’ కథ ఇంకా తమాషా. మొదట వేసిన అచ్చులో ‘స్కైస్క్రేపర్స్’ కాస్తా ‘స్కైక్రాపర్స్’ అయింది. ఇంగ్లీషు వచ్చినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. ఇంకా బోలెడన్ని తప్పులుండటంతో ఆ ప్రతులన్నీ ధ్వంసం చేశారు, పదిహేను తప్ప. ఇప్పుడు ఎగబడేది ఆ పదిహేను కోసమే.

మన దగ్గర అట్ట మీద ‘పదో ముద్రణ’ అని ఉంటే గొప్ప. అక్కడి సేకర్తకు ఒకటో ముద్రణే కావాలి. కాపీరైట్ పేజీలో అంకెల వరుస వేసే ప్రచురణకర్తలు మళ్లీ అచ్చు వేసినప్పుడల్లా చిన్న అంకెను తీసేస్తారు. కాబట్టి చాలావాటిలో ‘1’ కనిపించాలి. పైన కప్పే కాగితపు జాకెట్ లోపలి మడత మీద ధర ఉండాలి. కానుకగా ఇస్తూ ఆ మూల కత్తిరించేసిన పుణ్యాత్ములు కోకొల్లలు. పైగా ధర లేకపోతే అది సభ్యులకు చవగ్గా వేసిచ్చే బుక్ క్లబ్ ప్రతేమోనన్న అనుమానం. అసలు జాకెట్టే లేకపోతే విలువలో సింహభాగం పోయినట్టే. చదవడానికి పనికిరాని కాగితానికి అంత ధరేమిటని నాకెప్పుడూ అనిపిస్తుంది.

2012 ఆగస్టులో మెక్‌మర్ట్రీ దాదాపు మూడు లక్షల పుస్తకాలను వేలం వేసేశాడు. తన నవల ‘ది లాస్ట్ పిక్చర్ షో’ పేరును తనే వెక్కిరిస్తున్నట్టు దానికి ‘ది లాస్ట్ బుక్ సేల్’ అని పేరు. చాలావరకు విడివిడిగా కాదు, అరల లెక్కన. రెండు రోజుల్లో మందలు మందలుగా తోలుకుపోయారు. ఒకటో నంబరు భవనాన్ని మాత్రం ఆయన అట్టేపెట్టుకున్నాడు.

ఆయన 2021లో పోయాక దుకాణం టీవీ ప్రముఖుడు చిప్ గెయిన్స్ చేతికి వెళ్లింది. అక్కణ్నుంచి ఒక లాభాపేక్షలేని సంస్థకు చేరి, ఇప్పుడు లారీ మెక్‌మర్ట్రీ సాహిత్య కేంద్రంగా ఉంది. డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లు ఏ ఆదివారమో బయల్దేరేముందు, ఆ రోజు తలుపు తెరుస్తారో లేదో కనుక్కుని మరీ వెళ్లండి.