పంటి నగ తీసిన పిదప పలువరుస తెలుపు

పంటికి నగ పెట్టుకొను ముచ్చట నేటిది కాదు. మధ్య అమెరికాలోని మాయా జాతివారు వెయ్యి యేండ్లకు పూర్వమే ముందు దంతములకు గుంటలు తొలిచి పచ్చని రాళ్ళు పొదిగించుకొనిరి. మన పల్లెలలో ముందుపంటికి బంగారు తొడుగు వేయించుకొన్న పెద్దలు నేటికిని కనిపింతురు. ఇప్పటి యువతకు ముచ్చటైనది పంటిపై అతికించు చిన్న మెరుపురాయి. కొంతకాలమునకు ఆ ముచ్చట తీరును; పెండ్లి నిశ్చయమగును, లేదా ఉద్యోగమునకు పోవలసి వచ్చును. అపుడు రాయి తీయించి దంతములను తెల్లపరచుకొనవలెనని తోచును. తీరా వేలాది రూపాయలు వెచ్చించిన పిమ్మట రాయి ఉన్నచోట వేరు రంగు మచ్చ మిగులుట కలదు. ఆ మచ్చ ఎట్లు వచ్చును? రాకుండ చేయుట ఎట్లు?

పంటి పైభాగమును కప్పియుండునది పింగాణి పొర. మన శరీరములో ఇంతకంటె గట్టి పదార్థము లేదు. అయినను దీనిలో జీవకణములు లేవు గనుక, ఒకమారు పెచ్చు ఊడినచో తిరిగి పెరుగదు. ఎముక విరిగిన అతుకుకొనును, పింగాణి అతుకుకొనదు. దీని లోపల పసుపు ఛాయగల డెంటిన్ అను పొర ఉండును. రాయిని అతికించుటకు ముందు పింగాణిపై ఫాస్ఫారికామ్లమును కొన్ని క్షణములు ఉంచి కడుగుదురు. దానితో పైభాగము కంటికి కానరాని సన్నని గరుకుతనమును పొందును. ఆ గరుకులోనికి రెసిన్ అను జిగురు ఇంకగా, నీలికాంతితో దానిని గట్టిపరతురు. రాయి ఊడినను ఈ జిగురు అంత తేలికగా ఊడదు. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

దంతములను తెల్లపరచు మందులలో ముఖ్యమైనది హైడ్రోజన్ పెరాక్సైడు, లేక దానిని విడుదల చేయు కార్బమైడ్ పెరాక్సైడు. ఇది పింగాణిలోనికి, అచ్చటినుండి డెంటిన్ లోనికి చొచ్చుకొనిపోయి, రంగునిచ్చు పదార్థములను విడగొట్టును. తోముట వేరు, ఇది వేరు. తోముట పైమురికిని మాత్రమే తీయును. రాయి ఉండగనే మందు పూసినచో, ప్రక్కలనుండి కొంత చేరినను, రాతి క్రింది భాగమునకు సూటిగా అందదు. పిదప రాయి తీసినపుడు ఆ చోటు ప్రక్కలకంటె మసకగా కనిపింపవచ్చును. రాయి తీసియు జిగురును మిగిల్చినచో ఫలితము మరింత చెడ్డది. మందు రెసిన్‌ను తెల్లపరచదు; పైగా టీ, కాఫీ, తాంబూలముల రంగును ఆ జిగురు పీల్చుకొనును. చుట్టును తెల్లనై, నడుమ పచ్చని చుక్క నిలుచును. జిగురు పంటి రంగులోనే ఉండుటచేత అద్దములో చూచుకొన్నవారికి అది కానరాదు. దంతవైద్యుడు పంటిని గాలితో ఆరబెట్టి, దీపపు వెలుగులో చూచి గుర్తించును.

కావున క్రమము ముఖ్యము. మొదట రాయిని తీయించవలెను. పిదప జిగురును పూర్తిగా తొలగించి పంటిని నునుపు చేయించవలెను. గార ఉన్నచో దానిని తీయించవలెను. ఆ తరువాతనే తెల్లపరచు మందు. ఇంటివద్ద రాత్రులందు పెట్టుకొను పద్ధతిలో సాధారణముగా 10 శాతము కార్బమైడ్ పెరాక్సైడును, పంటి అచ్చుకు సరిపోవు పలుచని తొడుగులో ఉంచి, రెండు వారములు వాడుదురు. తెల్లపరచిన వెంటనే మరల రాయి అతికింపరాదు. పంటిలో మిగిలిన ఆమ్లజని జిగురును సరిగా గట్టిపడనీయదు. సుమారు రెండు వారములు ఆగుట మంచిది. రాతికొరకు పంటిని తొలిచియున్నచో, ఆ గుంటను శాశ్వతముగా పూడ్చుట కూడ తెల్లపరచిన రెండు వారములకే చేయించవలెను. పూడిక పదార్థము తెల్లబడదు గనుక, దాని రంగును క్రొత్త తెలుపునకు సరిపోల్చుకొనవలసియుండును.

బంగారు తొడుగు సంగతి వేరు. దానిని అమర్చుటకు పంటిని చుట్టును అరుగదీయుదురు. తొడుగు తీసినపుడు బయటపడునది అరిగిన పన్నే. దానికి మందు పూసి లాభము లేదు, మరియొక తొడుగు కావలెను. ముందు మిగిలిన దంతములను తెల్లపరచుకొని, ఆ రంగుకు సరిపోవు పింగాణీ తొడుగు చేయించుకొనుట వివేకము.

కొందరికి రాతి అంచు చుట్టును సున్నము వంటి తెల్లని గీత కనిపించును. ఇది అందము కాదు. పాచి నిలిచి పుచ్చుటకు నాంది. నల్లగొండ, ప్రకాశం జిల్లాలలోని కొన్ని గ్రామములవారికి గోధుమరంగు చారలు ఉండుట మరియొక విషయము. ఆ చారలు బాల్యములో త్రాగిన నీటిలోని ఫ్లోరైడువలన పింగాణి ఏర్పడునపుడే పడినవి. వీనిని నగ గుర్తులని భ్రమపడి మందులు కొనువారున్నారు. తీవ్రమైన చారలు పెరాక్సైడుతో పోవు.

పంచాయతీ సభ్యులకు దీనితో పనియేమని అడుగవచ్చును. సంతలోను, జాతరలోను అంగడికి చోటు చూపునది పంచాయతీయే కదా! అట్టిచోట పటకారుతో రాయిని పెరికి, పేరు చెప్పని ఆమ్లముతో దంతములను రుద్ది క్షణములో తెల్లచేయువాడు కూర్చుండవచ్చును. ఆమ్లము తాకిన పన్ను ఆ పూట తెల్లగానే కనిపించును. పింగాణి కరిగినకొలది లోపలి పసుపు పొర బయటపడి, మునుపటికంటె పచ్చనగును. చల్లనినీరు తగిలిన జివ్వుమనును. ఇటుకపొడి, నిమ్మరసము, బొగ్గు నిత్యము రుద్దువారికిని నిదానముగా ఇదియే గతి. 1948 నాటి దంతవైద్యుల చట్టము మొదలు మన దేశమున దంతచికిత్స చేయుటకు నమోదైన వైద్యునికే అధికారము. చోటు అడుగవచ్చినవానిని నమోదు పత్రము చూపుమనుట తగును. జిల్లా ఆసుపత్రిలో దంతవైద్య విభాగము ఏ దినములలో పనిచేయునో కనుగొని, ఆ వివరమును పంచాయతీ కార్యాలయపు పలకపై వ్రాయించిన, రాయి తీయించుకొనదలచిన యువతీయువకులకు దారి తెలియును. గర్భిణులును, పాలిచ్చు తల్లులును, పదునెనిమిదేండ్లు నిండనివారును తెల్లపరచు మందులు వాడకుండుట మేలు. వారికి రాయి తీయించి, జిగురు శుభ్రము చేయించుట చాలును.