పందెము మరునాటి ప్రయాణము

పందెము ముగిసిన ఘడియను అందరును చూతురు. గీత దాటినవాని మెడలో పతకము వేయుదురు, ఛాయాచిత్రము తీయుదురు, చప్పట్లు కొట్టుదురు. మరునాటి ఉదయమున అదే మనిషి మంచము దిగలేక గోడను పట్టుకొని నిలుచుండుటను చూచువారు అరుదు. ఆ ఉదయమును గూర్చియు, ఆ దినముననే అతడు చేయవలసిన ఇంటి ప్రయాణమును గూర్చియు కొంత చెప్పదలచినాము. ఇది పందెమునకు పోవువారికే గాక, ఇంట వారి రాకకై ఎదురుచూచువారికిని తెలియవలసిన సంగతి.

మేము చెప్పబోవునది దూరపు ట్రయాథ్లాన్. ఈత, సైకిలు, పరుగు అను మూడింటిని వరుసగా ఒకే దినమున ముగించుట దీని నియమము. ఐరన్‌మాన్ అను పేర ప్రసిద్ధమైన పోటీలో 3.8 కిలోమీటర్లు ఈదవలెను. 180 కిలోమీటర్లు సైకిలు త్రొక్కవలెను. ఆ పిమ్మట 42.2 కిలోమీటర్లు పరుగెత్తవలెను. 1978 ఫిబ్రవరిలో హవాయి దీవులలోని ఒవాహులో అమెరికా నౌకాదళాధికారి జాన్ కాలిన్స్ దంపతుల పూనికతో ఇది ఆరంభమైనది. ఆనాడు 15 మంది బయలుదేరగా 12 మంది గమ్యము చేరిరి. గెలిచిన గోర్డన్ హాలరుకు దాదాపు 11 గంటల 47 నిమిషములు పట్టినది. 1981లో ఆ పోటీ హవాయి పెద్ద దీవిలోని కోనాకు తరలినది. మన దేశమున గోవాలో 2019లో ఇందులో సగము దూరపు పోటీ జరిగినది. కోనా నుండి లాస్ ఏంజెలెసుకు విమానములో సుమారు 5 గంటలు. గోవా నుండి హైదరాబాదుకు బస్సులో ఒక రాత్రి. ఏ దారిని వచ్చినను, అలసిన కాళ్ళు ముడుచుకొని గంటల తరబడి కూర్చుండుట తప్పదు. చిక్కంతయు అందులోనే ఉన్నది.

ముందుగా దేహస్థితిని చూతము. మన కండరములును కాలేయమును గ్లైకోజెన్ అను పిండిపదార్థమును దాచి యుంచును. అది సాధారణముగా మొత్తము సుమారు 500 గ్రాములు ఉండును. పందెము ముగియునప్పటికి ఆ నిలువ చాలవరకు తరిగిపోవును. తిరిగి నిండుటకు చక్కగా భుజించినను ఒక దినమో అంతకు మించియో పట్టును. ఇక నొప్పి మాట. లాక్టిక్ ఆమ్లము నిలిచిపోవుటచే నొప్పి కలుగునని పలువురు తలచుదురు. అది సరికాదు, ఆ పదార్థము ఒకటి రెండు గంటలలోనే రక్తమునుండి తొలగిపోవును. మరునాటి నొప్పికి కారణము కండరముల సన్నని పోగులు దెబ్బతినుట. పరుగులో ప్రతి అడుగునకు తొడ కండరము సాగుచునే బరువును ఆపవలసియుండును. కావుననే మరునాడు మెట్లు ఎక్కుటకంటె దిగుట కష్టము. ఈ నొప్పి ఒకటి రెండు దినములు హెచ్చి, తరువాత క్రమముగా తగ్గును.

ఇట్టి కాళ్ళతో ప్రయాణము చేయుటలో ఒక అపాయము కలదు. కాళ్ళలోని రక్తము పైకి పోవుటకు పిక్క కండరముల కదలికయే ఆధారము. మనము నడచునప్పుడు అవి సిరలను నొక్కి రక్తమును గుండెవైపు నెట్టును. కదలక కూర్చున్నచో రక్తము నెమ్మదించి, సిరలో గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ జారి ఊపిరితిత్తులలో చిక్కుకొన్నచో ప్రాణాపాయము. 4 గంటలకు మించిన ప్రయాణము ఈ ముప్పును సుమారు రెట్టింపు చేయునని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. విమానము, రైలు, బస్సు, మోటారుకారు అన్నియు ఇందులో సమానమే. ఆరోగ్యవంతులలో ఇది అరుదే. అయినను ఒడలు ఎండియున్నప్పుడు, కాలికి దెబ్బ తగిలినప్పుడు జాగ్రత్త మరింత అవసరము.

ఇందలి మోసమేమనగా, కాలు నొప్పి పుట్టినను పందెపు నొప్పియే యని ఉపేక్షించుట సులభము. రెంటికిని భేదము తెలిసికొనవలెను. పందెపు నొప్పి సాధారణముగా రెండు కాళ్ళకును ఉండును, కొంచెము నడచినచో సడలును, దినదినమునకు తగ్గును. ఒక పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, నొప్పి హెచ్చుచున్నచో అది వేరు. అట్టి కాలికి నూనె మర్దన చేయరాదు. వెంటనే వైద్యునికి చూపవలెను. ఆయాసము, రొమ్ములో పోటు కనబడినచో ఒక్క క్షణమైనను ఆలసింపక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

కావున ప్రయాణములో గంటకొకసారి లేచి నాలుగడుగులు నడువవలెను. వీలుకానప్పుడు కూర్చున్నచోటనే మడమలను, మునివేళ్ళను మార్చి మార్చి ఎత్తుచుండవలెను. మద్యము, నిద్రమాత్రలు వలదు.

దాహమును బట్టి త్రాగవలెను. మితిమీరి నీరు త్రాగినచో రక్తములోని సోడియం పలుచబడి తలనొప్పి, వాంతి, మతిభ్రమ కలుగవచ్చును. ఇదియు ఆసుపత్రికి పోవలసిన స్థితియే. ఉప్పు వేసిన మజ్జిగ, పప్పుతో అన్నము, పెరుగన్నము, ఇడ్లీ మన ఇండ్లలో సులభముగా దొరకు మంచి ఆహారము. నొప్పికని ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు స్వయముగా మ్రింగరాదు. ఒడలు ఎండినప్పుడు అవి మూత్రపిండములకు కీడు చేయగలవు. మూత్రము కాఫీ డికాక్షను వలె నల్లబడినచో వైద్యుని సంప్రదింపవలెను.

పందెపు రాత్రి ఒడలు నొప్పులతో నిద్ర సరిగా పట్టదు. నిద్రలేని మనిషి మోటారు నడుపుట అతనికే గాక దారినపోవువారికిని ముప్పు. కారులో వచ్చువారు వేరొకరిచేత నడిపించుకొనవలెను. లేదా మరియొక దినము ఆగి బయలుదేరవలెను. సైకిలును పెట్టెలో సర్దుటకును ఒకరి సాయము కోరుట మేలు. పెడళ్ళు విప్పునప్పుడు ఎడమదాని మర ఎదురు దిక్కున తిరుగునని జ్ఞాపకముంచుకొన్నచో అలసిన చేతులకు వృథాశ్రమ తప్పును.

ఇంటికి వచ్చినవానిని పతకమును గూర్చి అడుగుట సహజమే. దానితోపాటు కాళ్ళెట్లున్నవని కూడ అడుగుడు. రెండును ఒక్క తీరుగా నొచ్చుచున్నవని అతడు నవ్వుచు చెప్పినచో అన్నము వడ్డింపుడు. ఒకటే నొచ్చుచున్నదనినచో ముందుగా ఆ పిక్కను చూడుడు.