పరదేశయాత్ర: తల్లులు ముందుగా నెఱుగవలసిన సంగతులు

మా ఎంకపల్లి యున్న మొయినాబాదు మండలములోనే, గండిపేట చెఱువు చెంత, చిలుకూరు బాలాజీ కోవెల యున్నది. ఆ స్వామికి ‘వీసా బాలాజీ’ యను పేరు వచ్చి చాల యేండ్లయినది. శనివారమునాడు పోయి చూచినచో, పదునొకండు ప్రదక్షిణములు చేసి విదేశయానము ననుగ్రహింపుమని మ్రొక్కుకొను పిల్లలు గుంపులుగా కనబడుదురు. కోరిక తీరినవారు మరల వచ్చి నూటయెనిమిది తిరుగుదురు. లెక్క తప్పకుండుటకై అంకెలు అచ్చువేసిన చిన్న కాగితము చేతబట్టి, చుట్టునకొక గీత గీచుకొందురు. ఆ కోవెలలో హుండీ లేదు. ధనికులకు వేఱు దర్శనమును లేదు.

కొన్నియేండ్లుగా ఆ గుంపులో పిల్లలతోపాటు తల్లులును తిరుగుచున్నారు. కూతురి పురుటికో, మనుమని అన్నప్రాశనమునకో డల్లాసునకు, మెల్బోర్నునకు, లండనునకు పోవలసినవారు వీరు. హైదరాబాదు దాటి యెఱుగనివారును వీరిలో కలరు. స్వామి చేయవలసినది స్వామి చేయును గాని, కాగితముల పని మనమే చేసికొనవలెను. ఆ పని యెట్టిదో తెలియక మా వీథిలోని యొక పెద్దమ్మ పడిన పాట్లు చూచిన పిమ్మట నీ వ్యాసము వ్రాయ బూనితిని.

రాజ్యము దాటువానికి అనుమతిపత్రము కావలెననుట నేటి వింత కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుడను నొక అధికారి కలడు. మాషమొకటి పుచ్చుకొని అతడు ముద్ర నిచ్చును. ముద్ర కలవాడే జనపదమున ప్రవేశింపవలెను, వెడలవలెను. ముద్ర లేని స్వదేశీయునకు పండ్రెండు పణముల దండన. కూటముద్ర చూపినవానికి అంతకు మించిన దండన. మన దేశమున 1920లో పాస్‌పోర్టు చట్టము పుట్టినది. ఇప్పుడు నడచుచున్నది 1967 నాటి చట్టము. అంతకు బహుపూర్వమే మదరాసునుండి పోతం జానకమ్మగారు ఇంగ్లండునకు పోయి వచ్చిరి. ఆమె యాత్రాగ్రంథము 1876లో ఆంగ్లమున వెలువడినది. ఆ కాలమున సముద్రము దాటు స్త్రీకి అడ్డుపడినది కాగితము కాదు, కులాచారము. నేడు ఆచారము తొలగినది. కాగితము వచ్చి దాని స్థానమున కూర్చున్నది.

ఇక పెద్దమ్మ కథ. ఆమె కూతురు అమెరికాలో గర్భవతియై, పురుటినాటికి తల్లిని రమ్మనెను. అప్పటికి ఆరుమాసముల వ్యవధి యున్నది. చాలునని యెల్లరు ననుకొంటిమి. పాస్‌పోర్టునకు దరఖాస్తు పెట్టబోగా, ఆమెకు మూడు పేర్లున్నట్లు బయటపడెను! పుట్టినింట పెట్టిన పేరొకటి. పెండ్లినాడు అత్తవారు మార్చిన పేరొకటి; భూమి పట్టాదారు పాసుపుస్తకమున నున్నది ఆ పేరే. ఆధారు కార్డులో వ్రాసినవాడు తనకు వినబడినట్లు వ్రాసిన పేరు మఱియొకటి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట బొత్తిగా లేదు. పుట్టిన తేది సంగతి చెప్పనక్కఱలేదు. డెబ్బది సంవత్సరములు ఆ యింటిని, ఆ పొలమును మోసిన మనిషి, తానెవరో నిరూపించుకొనలేక గడపలో చతికిలబడి యేడ్చినది. ఉంగరము జాఱవిడిచికొని దుష్యంతుని సభలో నిలిచిన శకుంతల నాకు గుర్తునకు వచ్చినది. సభలోనివారు చెడ్డవారు కారు. గుర్తు లేదు, అంతియే.

మావారు ఉపాధ్యాయులగుటచే నొక యుపాయము తోచినది. పెద్దమ్మ బాల్యమున రెండవతరగతి వఱకు చదివినదట. ఆ యూరి బడిలో పాత ప్రవేశపుస్తకము వెదకించిరి. చెదలు తిన్నది తినగా మిగిలిన పుటలో ఆమె పేరు, తండ్రిపేరు, పుట్టిన తేది దొరకెను. (ఆ పుటలో పిల్లలందఱును జూన్ మాసముననే పుట్టియున్నారు! ఆ కాలపు పంతుళ్ళు బడి తెఱచిన నెలనే జన్మమాసముగా వ్రాసికొనెడివారు.) దానినిబట్టి బడినుండి ధ్రువపత్రము పొంది, ఆధారు సరిదిద్దించి, తక్కిన కాగితములను దానికి సరిపోల్చునప్పటికి నాలుగుమాసములు గడచినవి. వీసాకు వేచినది వేఱు. పెద్దమ్మ మనుమరాలిని మొదట ఫోనులోనే చూచినది. చేతులలోనికి తీసికొనునప్పటికి ఆ పిల్ల అడుగులు వేయుచుండెను.

కావున సోదరీమణులారా, ప్రయాణము తలపెట్టినను, పెట్టకున్నను, నేడే మీ కాగితములన్నియు నొకచోట పఱచి పేర్లు పోల్చి చూచుకొనుడు. ఆధారు, పాన్, ఓటరు కార్డు, బడి పత్రము – వీనియందెల్ల పేరు అక్షరాక్షరము ఒక్కటిగా నుండవలెను. పాస్‌పోర్టులో ఇంటిపేరునకు వేఱుగా నొక గడి కలదు. దానిని ఖాళీగా విడువకుడు. ఒంటిపేరుతో వచ్చు సందర్శకులను రానీయబోమని 2022 నవంబరులో ఎమిరేట్సువారు ప్రకటింపగా, ఎందఱో ప్రయాణికులు కలవరపడిరి. అట్లే, పెండ్లియైన స్త్రీ భర్త యింటిపేరు పెట్టుకొనియే తీరవలెనన్న నిబంధన లేదు. పుట్టినింటి పేరుతోనే పాస్‌పోర్టు పొందవచ్చును. ఈ సంగతి చెప్పినప్పుడు మా యింట కొందఱు నొసలు చిట్లించిరి. అయినను నిజము నిజమే.

పెద్దవారికి పాస్‌పోర్టు పదేండ్లు చెల్లును. ముప్పదియాఱు పుటల దానికి రుసుము 1500 రూపాయలు. పిల్లలకైనచో అయిదేండ్లు. దరఖాస్తు ప్రభుత్వమువారి పాస్‌పోర్టు సేవా సైటులోనే పెట్టవలెను. అదే రూపమున మోసపుచ్చు సైటులు కలవు. పోలీసువారు విచారణకు వచ్చునాడు ఇంట నుండవలెను. తిరిగివచ్చు తేదికి మించి ఆఱుమాసములైనను గడువు మిగిలియుండవలెనని పెక్కుదేశములు కోరును. పదియవతరగతి ప్యాసు కాని స్త్రీలు గల్ఫు దేశములకు పనికి పోదలచినచో చిక్కు వేఱు: 1983 నాటి వలసచట్టము ననుసరించి ముందుగా అనుమతి పొందవలెను. ఇంటిపనికి పోవు స్త్రీకి ముప్పది యేండ్లు నిండియుండవలెను. సందర్శక వీసాపై పంపి యక్కడ పని యిప్పింతుమను దళారులను నమ్మి, పోయిన కుటుంబముల దుఃఖము నే నెఱుగుదును. దానిని గూర్చి వేఱుగా వ్రాయవలసియున్నది.

పాస్‌పోర్టు మన ప్రభుత్వమిచ్చునది, వీసా పరప్రభుత్వమిచ్చునది. అన్ని పాస్‌పోర్టులకును అన్ని తలుపులు తెఱచుకొనవు. బ్రజీలు దేశస్థులు యూరోపులోని షెంగెన్ రాజ్యములకు తొంబదిదినముల వఱకు వీసా లేకయే పోవుదురు. మనకు వీసా కావలెను, ముప్పదివేల యూరోలకు తక్కువ కాని వైద్యబీమాయు కావలెను. అయితే ఆ బ్రజీలువారును అమెరికా గడపలో మనవలెనే వీసాకై నిలువవలసినవారే! మనము నేపాలమునకు, భూటానమునకు వీసా లేక పోవచ్చును. ఓటరు కార్డు చాలును.

అమెరికా వీసాకు మునుపు మనవారు చెన్నపట్టణము పోవలసివచ్చెడిది. 2008లో హైదరాబాదున కాన్సులేటు ఏర్పడినది. 2023 మార్చినుండి నానక్‌రాంగూడలోని సొంతభవనమున నున్నది. ఒకనాడు వ్రేలిముద్రలు, మఱియొకనాడు ప్రశ్నలు. తెలుగులో మాటలాడవచ్చును, రాని ఆంగ్లమున తడబడనక్కఱలేదు. అక్కడి చట్టము ప్రకారము, ప్రతివాడును అక్కడనే స్థిరపడుటకు వచ్చుచున్నాడని అధికారి మొదట తలచుకొనవలెనట. కాదని చూపించు భారము మనది. ఇల్లు, పొలము, భర్త, తక్కిన పిల్లలు – తిరిగివచ్చుటకు మనకు గల కారణములను అడిగినప్పుడు సూటిగా చెప్పవలెను. దళారి వల్లెవేయించిన జవాబులు అప్పగించినచో అధికారికి వెంటనే తెలియును.

అందఱును పొరబడు చోటు మఱియొకటి. వీసా పదేండ్లకు వచ్చినదన్న, పదేండ్లు ఉండవచ్చునని కాదు. దిగిననాడు విమానాశ్రయమున అధికారి యెంతవఱకు ఉండుమనునో అంతవఱకే, తఱచు ఆఱుమాసములు. గడువుమీఱి నూటయెనుబది దినములకు మించి యుండి వచ్చినవారు మూడేండ్లు, ఏడాదికి మించి యున్నవారు పదేండ్లు మరల అడుగు పెట్టరాదు.

పెట్టె సర్దుటలో మన వంటయింటి విజ్ఞానమే మనకు పగయగును. గసగసాలు మనకు మసాలాదినుసు. ఎమిరేట్సులోను, సింగపూరులోను అవి మాదకద్రవ్యముల వలె నిషిద్ధములు. చిన్న పొట్లమైనను కారాగృహమునకు దారితీయవచ్చును. దుబాయిలో దిగి వేఱు విమానమెక్కువారును దీనిని మఱవరాదు. తాంబూలపు ఆకులును అక్కడికి కొనిపోరాదు. ఎండుకొబ్బరి నూనెగలదై తనంతట వేడెక్కి మండునని 2022 నుండి విమానములలో నిషేధించిరి, హారతికర్పూరమును అట్టిదే. ఆవకాయ, నేయి చేతిసంచిలో పెట్టకుడు. ద్రవములును, ముద్దగా నుండునవియు నూఱు మిల్లీలీటర్లకు మించి లోనికి రానీయరు. జాడీకి బదులు గట్టి ప్లాస్టిక్కు సీసాలో పోసి, మూతకు టేపు చుట్టి, రెండు సంచులలో కట్టి పెద్దపెట్టెలో పెట్టవలెను. ఫోనునకు విద్యుత్తు నింపు పవర్‌బ్యాంకు మాత్రము దీనికి విపరీతము: అది చేతిసంచిలోనే యుండవలెను.

ఆస్ట్రేలియా, అమెరికాలలో దిగునప్పుడు ఆహారపదార్థములు కలవా యని కాగితముపై అడుగుదురు. ఉన్నవని వ్రాసి చూపినచో, కూడని వస్తువును తీసికొని పంపివేయుదురు. లేవని వ్రాసి దొరికినచో జరిమానా. పొళ్ళు, అప్పడములు, వడియములు ఏవేవి కలవో చిన్న చీటిపై వ్రాయించి యుంచుకొనుట మేలు. మందులను వైద్యుని చీటితోకూడ చేతిసంచిలో పెట్టవలెను. పెట్టె తప్పిపోయినను రక్తపోటు మాత్ర తప్పిపోరాదు. మెడలోని బంగారమునకు బయలుదేఱునప్పుడే కస్టమ్సువారికి చూపి ధ్రువపత్రము పొందినచో, తిరిగివచ్చునాడు ఇది యెక్కడ కొంటివను ప్రశ్న యుండదు. మన రూపాయలు ఇరువదియైదువేలకు మించి కొనిపోరాదు.

ఆఫ్రికాలోను, బ్రజీలు మొదలగు దక్షిణామెరికా దేశములలోను పసుపుజ్వరము కలదు. అక్కడికి పోవువారు పది దినములు ముందుగా టీకా వేయించుకొనవలెను. హైదరాబాదున నారాయణగూడలోని ఇన్స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేయుదురు. ఒకసారి వేసినది జీవితాంతము చెల్లును. పత్రము లేక తిరిగివచ్చిన మనవారిని మన ప్రభుత్వమే ఆఱుదినములు విడిగా నుంచును.

భాష రాని తల్లులు శంషాబాదునుండి ఒంటరిగా పోవునప్పుడు, టికెట్టు కొనునాడే చక్రాలకుర్చీ సహాయము కోరుట పరిపాటియైనది. నడవలేనివారికే అది యుద్దేశింపబడినదని నా యభిప్రాయము. నడవగలవారు తాము మారవలసిన విమానము సంఖ్య, కూతురి చిరునామా, ఫోనుసంఖ్య ఆంగ్లమున పెద్ద యక్షరములతో వ్రాయించి దగ్గఱ నుంచుకొని, యూనిఫారము వేసినవారెవరికి చూపినను దారి చెప్పుదురు. మా పెద్దమ్మ యట్లే పోయి యట్లే వచ్చినది. వచ్చిన వారమునకు చిలుకూరు పోయి, మోకాళ్ళ నొప్పులతో నూటయెనిమిది రెండుదినములలో ముగించినది. ఆమె పాస్‌పోర్టు ఇప్పుడు పట్టాపుస్తకముతోపాటు ఇనుపపెట్టెలో నున్నది. అందలి పేరు పుట్టినింటి పేరే. ఆ పేరుతో పిలువుమని మొన్న నన్నడిగినది.