కారు ఏసీ, హీటరు నిర్వహణ

కారు ఏసీ అనేది కారు లోపలి గాలిని చల్లబరచి, అందులోని తేమను తగ్గించే యంత్ర వ్యవస్థ. హీటరు ఆ గాలిని వెచ్చబరుస్తుంది. ఈ రెండూ డ్యాష్‌బోర్డు వెనుక ఒకే పెట్టెలో అమరి ఉంటాయి. గాలిని తోసే బ్లోయరు కూడా రెండింటికీ ఒకటే. వేసవిలో 45 డిగ్రీల సెల్సియస్ దాటే రామగుండం, రెంటచింతల వంటి చోట్ల ఏసీ అవసరం ఎక్కువ. శీతాకాలంలో లంబసింగి, అరకు లోయ వంటి చలి ప్రదేశాలలో హీటరు ఉపయోగపడుతుంది. ఏసీ గ్యాసు పెట్రోలు వలె ఖర్చయిపోయే పదార్థం కాదు. మూసి ఉన్న గొట్టాలలో అదే గ్యాసు మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. ఈ విషయం తెలియకపోవడం వలన చాలామంది ప్రతి వేసవిలోనూ గ్యాసు నింపించుకొని డబ్బు నష్టపోతుంటారు.

చరిత్ర

అమెరికాలోని ప్యాకర్డ్ కంపెనీ 1939లో ఏసీ గల కారును ప్రదర్శించి, 1940 మోడళ్ళలో అమ్మకానికి పెట్టింది. ఆ యంత్రం డిక్కీలో చాలా స్థలం ఆక్రమించేది. కంప్రెసరుకు క్లచ్ లేనందున, ఏసీ అవసరం లేని కాలంలో ఇంజను ఆపి బెల్టు తీసివేయవలసి వచ్చేది. 1954లో నాష్ కంపెనీ హీటరును, ఏసీని కలిపి కారు ముందుభాగంలో అమర్చింది. నేటి కార్ల అమరిక ఇంచుమించు ఇదే.

తొలి ఏసీలలో ఆర్-12 అనే వాయువును వాడేవారు. ఇది ఓజోన్ పొరకు హాని చేస్తుందని తేలడంతో 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దీనిని క్రమంగా తొలగించారు. 1990 దశకంలో దీని స్థానంలో ఆర్-134ఏ వచ్చింది. ఇది ఓజోన్‌కు హాని చేయదు గాని, భూమి వేడెక్కడానికి కారణమయ్యే శక్తి దీనికి బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 1,400 రెట్లు ఎక్కువ. అందుచేత ఐరోపా సమాఖ్యలో 2017 నుండి కొత్త కార్లలో దీనిని వాడరాదు. అక్కడ ఎక్కువగా ఆర్-1234వైఎఫ్ వాడుతున్నారు.

పనిచేసే విధానం

ద్రవం ఆవిరి అయ్యేటప్పుడు పరిసరాల నుండి ఉష్ణాన్ని గ్రహిస్తుంది. మట్టికుండలో నీరు చల్లబడటానికి కారణం ఇదే. పాఠ్యపుస్తకాలలో దీనిని బాష్పీభవన గుప్తోష్ణం అంటారు. ఏసీలో ఈ సూత్రం నాలుగు దశలలో పనిచేస్తుంది.

1. కంప్రెసరు: వాయువును అదిమి దాని పీడనాన్ని, ఉష్ణోగ్రతను పెంచుతుంది. మండువేసవిలో ఈ పీడనం సుమారు 15 బార్లకు చేరుతుంది.
2. కండెన్సరు: రేడియేటరు ముందు ఉండే జల్లెడ వంటి భాగం. ఇక్కడ వాయువు తన వేడిని బయటి గాలికి వదలి ద్రవంగా మారుతుంది.
3. ఎక్స్‌పాన్షన్ వాల్వు: సన్నని రంధ్రం గుండా ద్రవాన్ని పంపి దాని పీడనాన్ని ఒక్కసారిగా తగ్గిస్తుంది.
4. కూలింగ్ కాయిల్: సుమారు 2 బార్ల పీడనం వద్ద ద్రవం 0 డిగ్రీలకు దగ్గరగా మరిగి ఆవిరి అవుతూ, కారులోని గాలి నుండి వేడిని లాగివేస్తుంది. ఆ వాయువు తిరిగి కంప్రెసరుకు చేరుతుంది.

వ్యవస్థలోని తేమను పీల్చడానికి డ్రయ్యరు అనే చిన్న డబ్బా ఉంటుంది. గాలిలోని తేమ కాయిల్ మీద నీరుగా మారి కారు క్రింద చుక్కలుగా పడుతుంది. ఇది లోపం కాదు. హీటరుకు వేరే యంత్రం అక్కరలేదు. ఇంజనులో వేడెక్కిన కూలెంటు ఒక చిన్న రేడియేటరు గుండా ప్రవహిస్తుండగా బ్లోయరు గాలి దానిని తాకి వెచ్చబడుతుంది. విద్యుత్ కార్లలో మాత్రం ఇందుకు విద్యుత్ హీటరును గాని, హీట్ పంపును గాని వాడతారు.

సాధారణ లోపాలు, కారణాలు

* గాలి వస్తున్నా చల్లగా లేకపోవడం: గ్యాసు కారిపోవడం, కంప్రెసరు క్లచ్ పట్టకపోవడం, లేదా వేడి, చల్లని గాలులను కలిపే తలుపు ఇరుక్కుపోవడం.
* కారు నడుస్తున్నప్పుడు చల్లగా ఉండి, ఆగినప్పుడు వెచ్చబడటం: కండెన్సరు ఫ్యాను పనిచేయకపోవడం లేదా కండెన్సరు దుమ్ముతో నిండిపోవడం.
* గాలి తక్కువగా రావడం: క్యాబిన్ ఫిల్టరు మూసుకుపోవడం లేదా కాయిల్ మీద మంచు పట్టడం.
* కాళ్ళ వద్ద నీరు చేరడం: నీరు బయటికి పోయే గొట్టం పూడిపోవడం.
* తీయని వాసన, అద్దం లోపల జిడ్డుగా మంచు పట్టడం, కూలెంటు తగ్గడం: హీటరులో కూలెంటు కారడం.

గ్యాసు నింపే పద్ధతి

రబ్బరు గొట్టాల గుండా అనేక సంవత్సరాలలో కొద్దిపాటి గ్యాసు తగ్గడం సహజం. ఒక్క వేసవిలోనే చల్లదనం పోయిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. కారే చోట కంప్రెసరు నూనె కూడా బయటికి వస్తుంది కనుక అతుకుల వద్ద జిడ్డు మరకలు కనిపిస్తాయి. సబ్బు నురుగుతో గాని, రంగు కలిపి అతినీలలోహిత దీపంతో గాని, నత్రజని పీడనంతో గాని ఆ చోటును కనుగొంటారు.

రంధ్రాన్ని బాగుచేయకుండా గ్యాసు నింపితే అది మళ్ళీ కారిపోతుంది. గ్యాసుతో పాటు నూనె కూడా తగ్గి చివరకు కంప్రెసరు అరిగిపోతుంది. కొన్ని వందల రూపాయల రబ్బరు వలయంతో పోయే మరమ్మత్తు వేల రూపాయల కంప్రెసరు వరకు వెళ్ళేది ఈ విధంగానే.

లోపం సరిచేసిన తరువాత వాక్యూమ్ పంపుతో కనీసం అరగంట సేపు లోపలి గాలిని, తేమను తీసివేయాలి. పిమ్మట బానెట్ క్రింది చీటీ మీద ముద్రించిన బరువు ప్రకారం గ్యాసును తూచి నింపాలి. చిన్న కార్లలో ఇది సాధారణంగా అరకిలోకు అటూ ఇటూగా ఉంటుంది. ఎక్కువ నింపితే ఎక్కువ చల్లబడుతుందన్నది అపోహ. పీడనం పెరిగి చల్లదనం తగ్గుతుంది. ఒక రకం గ్యాసులో మరొకటి కలపరాదు. చౌకగా దొరుకుతుందని వంటగ్యాసును నింపించడం అగ్నిప్రమాదానికి దారితీస్తుంది.

యజమాని చేసుకోదగిన పనులు

క్యాబిన్ ఫిల్టరును సుమారు 10,000 కిలోమీటర్లకు ఒకసారి పరిశీలించాలి. కండెన్సరును తక్కువ ధారతో నీళ్ళు పోసి కడగాలి; బలమైన ధారకు రేకులు వంగిపోతాయి. చలికాలంలో కూడా వారానికి 10 నిమిషాలు ఏసీ నడిపితే నూనె అంతటా చేరి సీళ్ళు ఎండిపోవు. గమ్యం చేరడానికి కొద్ది నిమిషాల ముందు ఏసీ ఆపి బ్లోయరును మాత్రమే ఉంచితే కాయిల్ ఆరి బూజు వాసన రాదు. ఎండలో నిలిపిన కారులో ముందుగా అద్దాలు దించి వేడిగాలిని పోనివ్వాలి. వర్షంలో అద్దాలకు లోపల మంచు పడితే బయటి గాలి వచ్చేలా మీట మార్చి ఏసీని, కొద్దిగా హీటరును కలిపి వాడాలి.

జాగ్రత్తలు

గ్యాసు గొట్టాలను ఇంట్లో విప్పరాదు. బయటికి చిమ్మే ఆర్-134ఏ సున్నాకు దిగువన 26 డిగ్రీల వద్ద మరుగుతుంది కనుక చర్మానికి, కంటికి తీవ్రమైన గాయం కలుగుతుంది. మంట తగిలితే విషవాయువులు వెలువడతాయి. వేడి ఇంజను మీద రేడియేటరు మూత తీయరాదు. హైబ్రిడ్, విద్యుత్ కార్లలో నారింజరంగు తీగలను తాకరాదు. వాటి కంప్రెసరులో నిర్దేశించిన నూనె తప్ప మరొకటి పోయరాదు.

ఇంజను నడుపుతూ ఏసీ వేసుకొని కారులో నిద్రించడం ప్రాణాంతకం కావచ్చును. మూసిన గ్యారేజీలోనైనా, పొగగొట్టం చెడిన కారులోనైనా కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దీనికి రంగు, వాసన లేవు. నిద్రలో ఉన్నవారికి తెలియదు. అట్లే, ఏసీ నడుస్తున్నదన్న నమ్మకంతో పిల్లలను కారులో వదలి వెళ్ళరాదు. ఇంజను ఆగిపోతే, ఎండలో ఉన్న కారులో కొద్ది నిమిషాలలోనే వేడి ప్రమాదస్థాయికి చేరుతుంది.